ఆరోవారం ఎక్స్‌రే

వచ్చినావిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కుడిచెయ్యి పొట్టకి ఆనించి పట్టుకుంది, ఎవరైనా తగులుతారేమో అన్నట్టు. ఎడమచేతిలో రెండు పెద్ద ఎక్స్‌రే కవర్లున్నాయి.

"నా చెయ్యి పాడుచేశారండీ," అంది. "ఎవరో తెలీదు. ఆస్పత్రికెళ్ళాలన్నా భయంగా ఉంది."

మాస్టారు గబగబా కుర్చీ జరిపాడు. ఆయన ముప్పై ఏళ్ళు పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఈ డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరాడు. డిటెక్టివ్ ఆయనకన్నా పన్నెండేళ్ళు చిన్నది. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ విసుగొచ్చి సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. ఊళ్ళో ఆవిణ్ణి సూది అంటారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు, పట్టించుకోదు.

"మొదటినుంచీ చెప్పండి," అంది సూది.

ఆవిడకి బ్యూటీపార్లరుంది. పేటలో అందరికీ పార్లరక్క. ఐదునెలల క్రితం తన పార్లర్లోనే తడినేల మీద జారిపడింది. భుజం కిందే ఎముక మూడు ముక్కలైంది. ఆపరేషన్ చేసి ప్లేటు పెట్టి, ఎనిమిది స్క్రూలు బిగించారు. ఆరోవారంలో తీసిన ఎక్స్‌రేలో అంతా సవ్యంగా ఉంది. దాంతో ఫిజియోథెరపీలో ఇక చెయ్యి ఆడించమన్నారు. ఆడించిన కొద్దీ నొప్పి పెరిగిందే కానీ తగ్గలేదు.

"పోయినవారం మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఒక స్క్రూ మొన భుజం ఎముక పైనున్న గుండులోంచి బయటికొచ్చి కీలుని గీరేస్తోందిట. ఎన్నాళ్ళనుంచో అలా ఉందిట. మరి ఆరోవారంలో బాగానే ఉంది కదండీ? మధ్యలో మళ్ళీ పడ్డావా అనడుగుతాడు డాక్టరు. నేను పడలేదు. ఒట్టు!"

"చెయ్యెంతవరకు లేస్తుంది?"

పార్లరక్క పళ్ళు బిగించి ఎత్తింది. మోచెయ్యి ఛాతీదాకా వచ్చి ఆగిపోయింది. "దువ్వెన పట్టుకుని ఇంకోళ్ళ నెత్తిదాకా వెళ్ళదు," అంది. "నేను చేసే పనల్లా అదే కదండీ."

సూది, "భుజం మీద కుట్లు వేశారా, పిన్నులు కొట్టారా?" అనడిగింది.

"పిన్నులు. రెండువారాలకే పీకేశారు."

కవర్లలోని ఫిల్ములు రెండూ తీసి కిటికీ అద్దానికి ఆనించారు. ఆరోవారం ఫిల్ములో స్క్రూలు వేటి చోట అవి బుద్ధిగా కూర్చున్నాయి. భుజం అంచున తెల్లటి చిన్నచిన్న గీతలు వరసగా కనిపించాయి. "చీమలబారులా ఉందే!" అన్నాడు మాస్టారు, గీత కనిపిస్తే ఆగలేక. సూది ఆయనవైపు ఒకసారి చూసి, ఫిల్ము మూల ఉన్న తేదీ చీటీని గోటితో గీరింది. గోటికి పొడిపొడిగా ఏదో అంటుకుంది. వేలు వాసన చూసుకుంది.

"ఆపరేషన్ మర్నాడు తీసిన ఫిల్మేదమ్మా?"

"ఎక్కడో పోయిందన్నారు మావారు. కాయితాలన్నీ ఆయనే చూసుకుంటారు. బైండింగు షాపు కదా, కవర్లూ ఫైళ్ళూ ఆయనకలవాటు."

మర్నాడు సూదీ మాస్టారూ ఆస్పత్రికి వెళ్ళారు. ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ తేదీ చీటీ చూసి, "అక్షరాలు నావే," అన్నాడు. "కానీ మేం జిగురు రాయమండీ. వెనకాల అంటు ఉన్న చీటీలే వాడతాం."

"ఫిల్ముల కాపీ మీ దగ్గరుంటుందా?"

"ఉండదు. తీసినవన్నీ పేషెంటు తాలూకు వాళ్ళకే ఇచ్చేస్తాం. ఆరోవారంలో ఆవిడ వచ్చినప్పుడు పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారు. చిన్న డాక్టరు ఫిల్ము చూసి, ఏం చెయ్యాలో చీటీ రాసి కవర్లో పెట్టారు. ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు, వేరే ఊరెళ్ళిపోయారు."

ఫిజియోథెరపీ గదిలో ఉన్నమ్మాయి వాళ్ళని చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ తననే అంటారని ఆమె భయం. "నొప్పిగా ఉందంటే, ఉంటుంది, ఓర్చుకోమన్నాను. ఫిల్ము బాగుందని ఇంటివాళ్ళే చెప్పారు కదా! పాపం ఆవిడ భర్తే రెండుసార్లు వచ్చి, కొన్నాళ్ళు ఆపేస్తే పోదా అని బతిమాలాడు."

"ఎప్పుడు?"

"ఏడోవారంలో ఒకసారి, పదోవారంలో ఒకసారి. నేనే కుదరదన్నాను. బిగుసుకుపోతుందని భయపెట్టాను కూడా."

మెట్లు దిగుతుంటే మాస్టారికి ఉత్సాహం ఆగలేదు. "దొరికిపోయాడు కదూ? అమ్మో, మీ కన్ను!"

"దొరికాడు," అంది సూది. ఆ గొంతులో సంతోషం లేదు.

రెండురోజుల తర్వాత ఆపరేషన్ చేసిన సర్జను గదిలో అందరూ చేరారు. సర్జను అప్పుడే పార్లరక్క స్వెట్టరు తీయించి భుజం చూశాడు. ఫిజియో అమ్మాయి గోడవారన నిలబడింది, టెక్నీషియన్ తలుపు దగ్గర. భర్త భార్య పక్కన కూర్చుని తన చేతులే చూసుకుంటున్నాడు.

సూది ఫిల్మును వెలుగుపెట్టెకి తగిలించింది. "ఇది ఆరోవారంలో తీసింది కాదు. ఈ గీతలు చూడండి, చర్మానికి కొట్టిన పిన్నులు. వాటిని రెండోవారంలోనే పీకేశారు. ఆరోవారం ఫిల్ములో ఉండే వీల్లేదు. ఇది ఆపరేషన్ మర్నాటి ఫిల్ము."

సర్జను లేచి దగ్గరికొచ్చి చూశాడు. "మూడోనెల్లో దీన్ని నాకు చూపించారు. బయట అరవైమంది ఉన్నారు. తేదీ చూశాను, ఎముక చూశాను. పిన్నులు చూడలేదు."

"తేదీ చీటీ అసలైనదే. ఒక ఫిల్ము మీంచి ఊడదీసి ఇంకోదానికి అంటించారు, బైండింగుకి వాడే మైదా జిగురుతో. మర్నాటి ఫిల్ము ఆస్పత్రిలో లేదు, ఇంట్లో ఉంది. కాబట్టి మార్చింది ఇంట్లోనే. ఫిల్ము బాగుందని నమ్మినవాడు వ్యాయామాలు ఆపమని రెండుసార్లు ఎందుకు బతిమాలతాడు?" సూది గొంతు తగ్గించింది. "చిన్న డాక్టరు కవర్లో పెట్టిన చీటీలో ఏముందో ఇక మీరే చెప్పండి."

పార్లరక్క నెమ్మదిగా భర్తవైపు తిరిగింది. "మీరా?"

ఆయన తలెత్తకుండానే చెప్పాడు. "స్క్రూ కదిలింది, వెంటనే రండి, మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు అని రాశారు. మొదటిసారి మత్తుమందు పడక రెండురోజులు ఊపిరందక కొట్టుకున్నావు. కళ్ళు తెరవగానే నా మణికట్టు పట్టుకున్నావు. మళ్ళీ ఆ బల్లమీదికి పంపితే చచ్చిపోతాను, పంపనని ఒట్టెయ్యండి అన్నావు. వేశాను. చీటీ చూశాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెప్తే భయంతోనే పోతావేమో అనుకున్నాను. దానంతటదే సర్దుకుంటుందేమో అనుకున్నాను. తర్వాత రోజూ చెబుదామనే అనుకున్నాను. నువ్వు రోజూ పొద్దున్నే గోడ పట్టుకుని వేళ్ళు పైకి పాకించేదానివి. అది చూస్తూ కూర్చున్నాను."

ఫిజియో అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అప్పుడే తెలిసుంటే?" అని సర్జనుని అడిగింది పార్లరక్క.

"ఆ స్క్రూ తీసేసేవాణ్ణి. కీలు ఇంత అరిగేది కాదు." ఆయన ఆగాడు. "కానీ ఎముక గుండుకి రక్తం అందట్లేదమ్మా, అది చచ్చిపోతోంది. పడ్డరోజే రక్తనాళాలు తెగి ఉంటాయి. అప్పుడు వచ్చినా అది ఆగేదో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

"ఇప్పుడు?"

"కీలు మార్చాలి. నొప్పి తగ్గుతుంది. చెయ్యి పైకి లేస్తుందని మాత్రం మాటివ్వలేను."

"మార్చకపోతే?"

"ఇలాగే ఉంటుంది."

పోలీసులకి చెప్పమంటారా అని మాస్టారు అడగబోయి ఊరుకున్నాడు. ఎవరి మీద చెప్పాలి? సూదివైపు చూశాడు. ఏ కేసు చివర చూసినా ఆవిడ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఇవాళ ఫిల్ములు కవర్లో పెడుతోంది, అంచులు సరిచేస్తోంది, మళ్ళీ తీస్తోంది.

"ఒట్టు వేయించుకున్నది నేనే," అంది పార్లరక్క. "అయినా చెయ్యి నాది కదండీ. నన్నడగాల్సింది."

భర్త తలూపాడు.

ఆవిడ లేచి కుర్చీమీద స్వెట్టరు అందుకుంది. ఎడమచెయ్యి దూర్చింది. కుడి స్లీవు వెనకాల వేలాడుతోంది, దాన్ని అందుకోవాలంటే భుజం తిరగాలి. తిరగలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. ఫిజియో అమ్మాయి ముందుకి రాబోతే వద్దన్నట్టు తలాడించింది. మూడోసారి ప్రయత్నించి, నొప్పికి కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది.

చివరికి మొగుడివైపు చూడకుండానే, "రండి," అంది.

ఆయన లేచాడు. చేతులు చాచాడు కానీ, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

"మోచేతి కింద," అంది ఆవిడ. "మెల్లిగా."