తిరుగుచూపు

కూడలిలో గుద్దుకున్న చప్పుడు ఆగేసరికే దోషపత్రం తయారయ్యే కాలం అది. స్తంభం మీది కూడలికన్ను ప్రతి అడుగునూ, ప్రతి మెడ మలుపునూ కొలిచి తప్పెవరిదో తేల్చేది. తప్పున్నవారి పేరు ఏడాదిపాటు ఆ స్తంభం మీదే వెలిగేది.

అక్కడ వెలుగుతున్న పేరు సింహాద్రిది. పోయి పదకొండు రోజులైంది. అతని భార్య వరహాలమ్మ ఆ పేరు తీయించడానికి దృశ్యశాలకు వచ్చింది.

పరిశీలకుడు ఇమ్మానుయేలు గోడ మీద దృశ్యం నడిపించాడు. సింహాద్రి దారి మధ్యలో ఆగాడు. వెనక్కి తిరిగి నవ్వాడు. అంతలో దీపం మారింది. డ్రైవరు లేని సరుకు బండి తెరలోకి రాగానే ఇమ్మానుయేలు ఆపేశాడు.

"ఆగకపోతే దాటేసేవాడమ్మా. ఎందుకు తిరిగాడో యంత్రానికి తెలీదు."

"నాకు తెలుసు బాబూ. అన్నం కేరేజీ మర్చిపోయేడు. 'ఇదిగో, నిన్నే' అని నానే కేకేసేను. ఎల్లేవోణ్ణి ఎనక్కి పిలవకూడదని మా అత్త చెప్తానే ఉండీది. ఆయన పేరు తీసేసి నా పేరు ఎలిగించు. మా పిల్ల రోజూ ఆ స్తంభం కిందనుంచే పనికెల్తాది."

"మీరు పిలిచినట్టు దృశ్యంలో లేదు. కూడలికన్నుకు చెవులుండవు."

"దానికి లేకపోతే నీకున్నాయి కదా."

అతను ఆమె చెప్పిందంతా యంత్రానికి ఎక్కించాడు. సాయంత్రానికి సింహాద్రి పేరు ఆరిపోయింది. ఆమె పేరు వెలగలేదు. పిలుపును దోషమనే నిబంధన అప్పటికి లేదు.

నెల తిరక్కుండా ఆ నిబంధన వచ్చింది. యంత్రం ఆమె సాక్ష్యం నుంచి పాఠం నేర్చుకుంది. కూడలికి వంద అడుగుల లోపల పిలవడం దోషం, వెనక్కి తిరిగి చూడడం దోషం. ప్రమాదాలు సగానికి తగ్గాయి. సాగనంపడానికి వచ్చినవాళ్లు దారి గట్టు మీద నోరు మూసుకుని నిలబడడం అలవాటు చేసుకున్నారు.

ఒక సోమవారం కూతురు పైడితల్లి దారి దాటుతోంది. తండ్రిలాగే మరుపు మనిషి. కేరేజీ తల్లి చేతిలోనే ఉండిపోయింది, ఇంకా వేడిగా.

వరహాలమ్మ నోరు తెరిచింది. స్తంభం వైపు చూసి మూసుకుంది.

పైడితల్లి అవతలి గట్టు ఎక్కి జనంలో కలిసిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూడొద్దని రోజూ గుమ్మంలో చెప్పి పంపేది తల్లే.