ఒడేలియా ఎందుకు వెళ్లమంది?

న్యూ ఆర్లీన్స్‌లో ఆ మధ్యాహ్నం వాన. ట్రెమే పేటలోని హాల్లో జాజ్ బ్యాండు సాధన చేస్తోంది. ఆ రోజే చేరిన పియానో అమ్మాయి ఒడేలియా మధ్యలో వాయించడం ఆపేసింది.

"ఏమయ్యా డ్రమ్ములాయనా, బస్సేమైనా వెళ్లిపోతోందా? ఎందుకంత పరుగు?"

అందరూ నవ్వారు. ఆల్సీడ్ మొహం వేడెక్కింది. పన్నెండో ఏటి నుంచి తండ్రి పక్కన ఊరేగింపుల్లో డ్రమ్ము కొట్టినవాడు. అతని లయకు వంక పెట్టినవాళ్లు లేరు.

"నువ్వే వెనకబడ్డావు."

"అయితే నా కోసం కాస్త ఆగు."

అది తిట్టో, పిలుపో అతనికి తేలలేదు.

ఆ తర్వాతా అంతే. సాధనలో కసిరేది. వాన పడితే తన గొడుగు కిందికి రమ్మనేది. సోమవారం ఎర్ర చిక్కుడు గింజల కూర, అన్నం తెచ్చి "ఇంట్లో మిగిలిపోయింది" అనేది. డబ్బా మాత్రం పొగలు కక్కుతుండేది.

ఏడాదికి షికాగో నుంచి అతన్ని రమ్మని ఉత్తరం వచ్చింది. పెద్ద బ్యాండు, ఊరూరా కచేరీలు. వద్దంటుందేమోనన్న ఆశతో ఆమెకే మొదట చూపించాడు.

"వెళ్లు" అంది.

"అంతేనా?"

"ఇంకేం చెయ్యాలి? పెట్టె కూడా సర్దాలా?"

ఉక్రోషంతో రైలెక్కేశాడు. రెండేళ్లు తిరిగాడు. రికార్డుల మీద పేరు పడింది. ఆమెకు రాయాలని కూర్చునేవాడు. 'ప్రియమైన' అనాలో వద్దో తేలక లేచిపోయేవాడు.

ఒకరోజు టిఫిన్ చేస్తూ బ్యాండు పెద్ద ఎల్స్‌వర్త్ అన్నాడు: "నిన్ను తీసుకోమని మూడు ఉత్తరాలు రాసిందే, ఒడేలియా, ఆవిడ నీకేమవుతుంది?"

ఆల్సీడ్ టిఫిన్ సగంలో వదిలేసి లేచాడు. సెలవడిగి ఊరికి బయల్దేరాడు.

ఆమె ఇంటి మెట్ల మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"నన్ను వదిలించుకుందామనే రాశావా?"

"ఉండమంటే ఉండిపోయేవాడివి. తర్వాత నా మొహం చూసినప్పుడల్లా షికాగో గుర్తొచ్చేది నీకు."

"ఒక్క ముక్క నాకు రాయొచ్చుగా?"

"నువ్వు రాయొచ్చుగా?"

అతను పక్క మెట్టు మీద కూర్చుని ఒక బఠానీ కాయ అందుకున్నాడు.

"మా బ్యాండులో పియానో ఆయన మానేశాడు" అన్నాడు అతను. "వస్తావా?"

"అడుగుతున్నది డ్రమ్మరా, నువ్వా?"

అతను మళ్లీ తికమకపడ్డాడు. "ఇద్దరమూ."

ఆమె తల వంచుకుని నవ్వింది. కిటికీలోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది.

"ఒప్పుకున్నట్టే గానీ, ఆ ఇద్దరినీ లోపలికి రమ్మనవే. భోజనం చల్లారిపోతోంది."