ఎడమవైపు కుర్చీ

కాఫీ కప్పుల దగ్గరే గొడవ మొదలైంది. అత్తగారు సిటీ బస్సు డ్రైవరు. కోడలు చేతులతోనే ఒంటినొప్పులకు వైద్యం చేసే ఆస్టియోపతి డాక్టరు. బల్ల దగ్గర కోడలి కుర్చీ అత్తగారికి ఎడమవైపు. కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ అటు తిరిగి మాట్లాడిన పాపాన పోలేదు. ఏం చెప్పినా ఎదురుగోడకే చెప్పేది.

"ఆ రొట్టె ఇటు ఇమ్మను."

"నేనిక్కడే ఉన్నాను అత్తయ్యా. నన్నే అడగొచ్చు."

"చేతులు ఆన్చి కూర్చోడానికి అన్నేళ్ళ చదువా అని అడగనా?"

కోడలికి ఒళ్ళు మండింది. రొట్టె ఉన్న పింగాణీ పళ్ళెం విసురుగా తోసింది. అది బల్ల అంచు దాటుతుంటే పట్టుకోబోయి, అత్తగారు కుర్చీతో సహా మనిషంతా తిరిగింది. మెడ మాత్రం కదల్లేదు. పళ్ళెం భళ్ళున పగిలింది.

"మీ మెడ తిరగట్లేదు!"

"నా మెడ, నా ఇష్టం."

"ఆ మెడతో బస్సు నడుపుతున్నారా? ఎవరైనా అడ్డొస్తే?"

"అద్దాలున్నాయి. ఎల్లుండి డిపోలో వైద్యపరీక్ష. నువ్వు నోరు మూసుకుంటే గట్టెక్కుతాను. నా పొట్ట కొట్టాలనుంటే వెళ్ళి చెప్పు!"

"చెప్తాను! ముందు పడుకోండి, చూస్తాను."

బల్లకి అవతల కూర్చున్న కొడుకు ఏదో అనబోతే, "నువ్వూరుకో!" అన్నారిద్దరూ ఒక్కసారే.

అత్తగారు ఉరికంబం ఎక్కుతున్నట్టు మంచమెక్కింది. కోడలు కోపంకొద్దీ బొటనవేలితో మెడ పక్కన నొక్కింది.

"అబ్బా! చంపేస్తావా?"

వేలి కింద కండరం రాయిలా బిగుసుకుంది. తప్పు తనదేనని కోడలికి తెలుసు. చెయ్యి తీసేసి, ఊపిరి పీల్చుకుని, అరచేతిని మెత్తగా మెడ ఎముక దగ్గర ఆనించింది.

"ఇంతేనా?"

"కండరాల్ని చుట్టి ఒక పొర ఉంటుంది, ఫేషియా అంటాం. మెడ నుంచి ఛాతీలోకి సాగుతుంది. కసిగా నొక్కితే ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. నిదానంగా లాగి పట్టుకుంటే కాస్త వదులవ్వచ్చు. మాయేం కాదు, మీరూ రోజూ మెడ కదపాలి. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మీ పెళ్ళికి ముందు నుంచే. ఎవరికైనా చెబితే స్టీరింగు లాక్కుంటారని..."

కోడలి చెయ్యి ఆగిపోయింది. "అంటే, నావైపు చూడకపోవడం..."

"మొదట మెడే. తర్వాత నువ్వు మూతి ముడుచుకు తిరుగుతుంటే కోపమూ వచ్చిందిలే."

కోడలికి ఏడుపు ఆగలేదు. "ఊళ్ళోవాళ్ళందరి మెడలూ చూస్తాను. ఇంట్లో మెడను మాత్రం పొగరనుకున్నాను."

"పొగరు కూడా ఉందిలే," అంది అత్తగారు.

మర్నాడు అత్తగారే డిపోకి ఫోన్ చేసి, మెడ సంగతి చెప్పి, సెలవు అడిగింది. కాఫీ దగ్గర పళ్ళు బిగబట్టి తల ఎడమకి తిప్పింది. చూపు కోడలి భుజం దాకా కూడా రాలేదు.

కోడలు లేచి, ఆవిడకి కనబడేలా తన కుర్చీని ముందుకు జరపబోయింది.

"జరపకు," అంది అత్తగారు. "అక్కడే ఉండు. నేనే వస్తాను."