గట్టు పక్క నాలుగు సాళ్ళు

"దించండి! ముందు దాన్ని కిందికి దించండి!"

టమాటా తోట మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఊపుతూ ఆకాశాన్ని తిడుతున్న అమ్మాయిని అతను అప్పుడే చూశాడు. వెంటనే రిమోట్ మీట నొక్కాడు. పక్క చేలో పురుగుల మందు చల్లుతున్న డ్రోన్ బుర్రుమంటూ వచ్చి గట్టు మీద వాలింది.

"ఏమైందండీ?"

"ఏమైందా? మీ మందంతా నా తోట మీద పడుతోంది!"

"గాలి తిరిగిందండీ."

"గాలి తిరిగితే మీరు ఆపలేరా?"

అప్పటికే ఆమె నీళ్ళ పైపు లాక్కొచ్చి, గట్టు పక్క నాలుగు సాళ్ళ మొక్కల్నీ గబగబా కడిగేస్తోంది. కోపంతో ముక్కు ఎర్రబడింది. చెంపకు మట్టి అంటింది. తప్పు చేసినవాడు అవన్నీ గమనించకూడదు. కానీ గమనించాడు.

ఆ పక్క చేను ఆమె పెదనాన్నది. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆయనే. మందు కొట్టిన చేలో కలుపు తీస్తూ తల్లి కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు, తమ వాటా నేల మీద ఇక చుక్క మందు పడడానికి వీల్లేదని ఆమె తేల్చి చెప్పింది. "నీ పురుగుల్ని నా చేలోకి తోలతావా?" అని పెదనాన్న అలిగి మాటలు తగ్గించాడు. మందు మానేసి ఇది మూడో ఏడు. వచ్చే వారం తనిఖీ. అందులో నెగ్గితే సేంద్రియ పంటగా సర్టిఫికెట్టు వస్తుంది.

ఆమె చెప్పిందంతా విని అతను నెమ్మదిగా అన్నాడు. "కడిగేశారు కదండీ. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలీదా?"

ఆ మాట అతన్ని ఇంటిదాకా వెంటాడింది.

తనిఖీ రోజున పిలవకుండానే వచ్చి తోట బయట నిలబడ్డాడు. ఆమె ఆఫీసర్ని నేరుగా ఆ నాలుగు సాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళింది.

"ఇక్కడ మందు పడింది సార్."

"ఎవరు చల్లారమ్మా?"

ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది. "గాలికొచ్చింది సార్," అంది.

"గాలి కాదు సార్, నేను," అంటూ అతను లోపలికి వచ్చేశాడు. "గాలి వాటం చూసుకోకుండా ఎగరేశాను."

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అతనికి నాలుగు చీవాట్లు పెట్టాడు. ఆ సాళ్ళ కాయల్ని మామూలు పంటగా విడిగా అమ్ముకోవాలన్నాడు. మందు ఇటు కొట్టుకురాకుండా గట్టు వెంట ఎత్తుగా పెరిగే పైరు అడ్డం వేస్తేనే మిగతా తోటకు సర్టిఫికెట్టు అన్నాడు.

మర్నాడే అతను మొక్కజొన్న విత్తనాలతో దిగాడు.

"మీకెందుకండీ ఈ శ్రమ?"

"డ్రోన్ లైసెన్సు పోకుండా నన్ను వెనకేసుకొచ్చారు కదా."

"వెనకేసుకొచ్చినా ముందుకొచ్చేశారుగా!"

అంది గానీ, నవ్వు దాచుకోవడానికి చటుక్కున వంగి మట్టి సర్దింది.

విత్తనాలు వేయడం ఒక పూట పని. అతనికి మాత్రం ప్రతి సాయంత్రం ఏదో ఒకటి మిగిలిపోయేది. ఒకరోజు కాయలు కోస్తూ ఉన్నట్టుండి కెవ్వుమన్నాడు. చొక్కా చేతి మీద పచ్చటి గొంగళిపురుగు.

"తీసెయ్యండి! ప్లీజ్, తీసెయ్యండి!"

ఆమె పడీ పడీ నవ్వింది. "పైనుంచి లక్షల్ని చంపే వీరుడివి నువ్వు, ఒక్కదానికి ఇంత కేకా?"

"పైనుంచైతే మొహాలు కనిపించవండీ!"

ఆమె మునివేళ్ళతో పురుగును తీసేసింది. వేళ్ళు మాత్రం అక్కడే కాసేపు ఆగాయి. మొదటిసారి 'నువ్వు' అన్నదని అతనికి ఇంటికెళ్ళాక తట్టింది. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మొక్కజొన్న అతని నడుము దాటేసరికి రెండు చేలకూ కాయతొలిచే పురుగు తగిలింది. ఆమె పురుగు గుడ్లను నాశనం చేసే బుల్లి కందిరీగల్ని తెప్పించింది. అవి బయటికొచ్చే గుడ్లు అంటించిన అట్టముక్కల్ని తోటంతా పెట్టాలి. చూస్తే పడమట మబ్బు కమ్ముతోంది.

"చేత్తో కడితే వానలోపు అవ్వదు. రేపటిదాకా ఆగితే ఇవి పెట్టెలోనే బయటికొచ్చేస్తాయి," అంది దిగులుగా.

అతను మందు ట్యాంకు ఊడదీసి, డ్రోన్‌కి చిన్న డబ్బా బిగించాడు. ఆమె అట్టముక్కలు నింపి ఇస్తుంటే, తోట మీద పూలు చల్లినట్టు డ్రోన్ వాటిని జారవిడుస్తూ పోయింది. ఆఖరి డబ్బా ఖాళీ అవుతుండగా తొలి చినుకు ఆమె నుదుటి మీద పడింది.

ఆ పక్కనుంచి పెదనాన్న కేకేశాడు. "ఏమయ్యా! నేను రమ్మంది నా చేనుకి. అక్కడేం చేస్తున్నావ్? వాన వెలిశాక వచ్చి మందు కొట్టు!"

అతను బిక్కమొహం వేశాడు. మందు ఇటు కొట్టుకొస్తే బుల్లి కందిరీగలన్నీ చచ్చిపోతాయి. ఆయన మాట కాదంటే ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వరేమో. అయినా గట్టుదాకా వెళ్ళాడు.

"ఈ పక్క పది సాళ్ళూ నేను కొట్టను పెదనాన్నా!"

పెదనాన్న వానలోనే గట్టు దగ్గరికి వచ్చాడు.

"పెదనాన్నా?" ముసలాయన కళ్ళు చిట్లించాడు. "మొన్నటిదాకా అయ్యగారూ అన్నావు. నీకు నేనెప్పుడు పెదనాన్ననయ్యాను?"

ఆమె తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇంకా కాలేదు పెదనాన్నా. నువ్వు ఒప్పుకుంటే అవుతావు."

అతను గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. తను ఎన్నో సాయంత్రాలు గొంతుదాకా తెచ్చుకుని మింగేసిన మాట అది!

పెదనాన్న తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది వాన నీళ్ళో కాదో తెలియలేదు.

"వీళ్ళ అమ్మానాన్నల్ని రేపు మనింటికి రమ్మను," అన్నాడు ఆమెతో. మళ్ళీ అతని వైపు వేలు చూపించి, "పది సాళ్ళు అన్నావు. పదే! మిగతా చేనుకు మాత్రం కొట్టాల్సిందే."

"దాని గురించి మాట్లాడదాం పెదనాన్నా," అన్నారిద్దరూ ఒక్కసారే.