మంచినీళ్ళ చెరువులో రెండు తలలు

మా కాలనీ పక్కనున్న మంచినీళ్ళ చెరువు గట్టు మీద పొద్దుగూకేక ఎవడూ నడవడు.

అది మొదట్నుంచీ ఉన్న చెరువు కాదు. టౌను కోసం పొక్లెయిన్లు పెట్టి తవ్వించేరు. ఎండాకాలం గోదావరి కాలువలు కట్టేస్తే, టౌనంతా నెలన్నర ఈ నీళ్ళే తాగాలి. కాలువలు కట్టేసిన వారానికల్లా ఇక్కడ దెయ్యం దిగుద్ది… ఏటా.

మెడలోతు నీళ్ళలో నిలబడి ఉంటదంట. తల మీద ఇంకో తల. ముందున్న వాచ్‌మన్ దాన్ని చూసి చెప్పులు కూడా వదిలేసి పారిపోయేడు. ఇప్పుడు ఆత్రేయపురంలో అత్తారింట్లో పూతరేకులు చుట్టుకుంటున్నాడు.

ఆ ఉద్యోగం మా నూకరాజు బాబాయ్‌కొచ్చింది. రొయ్యల చెరువు మీద పని పోయి ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు మరి.

"దెయ్యం లేకపోతే మనకెవడిస్తాడ్రా ఉద్యోగం?" అనేవాడు.

ఇక్కణ్ణించి ఆయన చెప్పిందే చెబుతున్నాను.

మొన్న ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే, టౌను నీళ్ళ సప్లై చూసే మున్సిపాలిటీ ఇంజనీరు ఏఈ గారు బండి మీదొచ్చి, గట్టంతా తడి అడుగులు చూసేరు.

"ఎవరో దిగుతున్నారు నూకరాజూ. టౌన్లో తెలిస్తే నన్ను పీక్కుతింటారు."

"మనుషులు కాదేమోనండి…"

"దెయ్యమైతే దెయ్యాన్నే పట్టుకో. ఈ రాత్రి పట్టుకోలేదో, రేపట్నుంచి రాకు."

"ఆయ్" అన్నాడు బాబాయ్. ఇంకేమంటాడు?

ఆ రాత్రి కరెంటు లేదు. పంపు హౌసు అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కప్పలు అరుస్తున్నాయి… అరుస్తున్నాయి… ఉన్నట్టుండి ఆగిపోయేయి.

బుడుంగ్…

కాసేపు ఏమీ లేదు.

బుడుంగ్… బుడుంగ్…

లేచి చూసేడు. నీళ్ళ మధ్యన ఒక తల. దాని మీద ఇంకో తల — నున్నగా, బోడిగా, చుక్కల వెలుగులో మెరుస్తా. దాని పక్కన ఇంకో రెండు. ఆ వెనకాల ఇంకో రెండు!

పరిగెడితే ఉద్యోగం పోద్ది. ముందుకెళ్తే మనిషే పోతాడు. టార్చి నొక్కేడు.

"ఎ… ఎవరది?"

ఒకటి ఇటు తిరిగింది. గట్టు వైపు నడిచొస్తుంది… మెడ… భుజాలు… నడుం… జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి —

"ఆ టార్చి ఆర్పవయ్యా! కళ్ళలోకి కొడతావేంటి?"

మా సీతారత్నం పిన్ని. నెత్తి మీద స్టీలు బిందె.

"నువ్వేంటే ఇక్కడ!"

"మరి ఇంట్లో నీళ్ళెక్కడివనుకున్నావ్? బోరు నీళ్ళు ఉప్పు కషాయం, గేదెలు కూడా ముట్టుకోవట్లేదు. మూడు వారాల్నుంచి చెంబులకి చెంబులు తాగుతున్నావే, ఎక్కణ్ణించి తెచ్చేవని ఒక్కరోజన్నా అడిగేవా?"

"అడక్కపోవడమే మంచిదయ్యింది వదినా. అడిగుంటే ఇంట్లోనే పట్టుకునేవోడు." వెనకాల్నించి పక్కింటి హన్నా అత్త.

బాబాయ్ గొంతు తగ్గించేడు. "మెడలోతుకెందుకే దిగడం?"

"ఒడ్డునంతా నాచు. లోపలికెళ్తేనే తేట నీళ్ళు. బిందె నెత్తిన పెట్టుకోక నోట్లో పెట్టుకుంటామా? పగలొస్తే కేసు పెడతానన్నారు మీ ఏఈ గారు."

బాబాయ్ టార్చి ఆర్పేసేడు. టౌనుకెళ్ళే పైపు మా వీధి కిందనించే పోద్ది. రాత్రి నేల మీద పడుకుంటే నీళ్ళ చప్పుడు చెవిలో వినపడతా ఉంటది. మా వీధిలో మాత్రం ఒక్క కుళాయి లేదు. అర్జీలు పెట్టీ పెట్టీ ఆడోళ్ళు ఇదిగో, ఇలా దెయ్యాలయ్యేరు.

అప్పుడే గట్టు చివర లైటు కనపడింది. ఏఈ గారి బండి!

ఆడోళ్ళు ముగ్గురూ చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారిపోయేరు. లైటు దగ్గరికొచ్చేస్తుంది…

బాబాయ్ పిన్ని వదిలేసిన బిందె లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. పైనుంచి కిందదాకా దుప్పటి కప్పేసుకున్నాడు. వెళ్ళి దారి మధ్యలో నిలబడ్డాడు.

ఏమీ అనలేదంట. ఊరికే నిలబడ్డాడంట.

బండి పక్కకి ఒరిగిపోయింది. ఏఈ గారు మాత్రం టౌనుదాకా ఆగలేదు.

తెల్లారి బండి కోసం వచ్చేరాయన. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రాత్రి నువ్వూ… చూసేవా?"

"చూసేనండి."

"ఏమన్నా చేసిందా నిన్ను?"

"ఏం చెయ్యలేదండి. ఒక మాట అడిగిందంతే."

"ఏమడిగింది?"

"మా వీధికి కుళాయి ఎప్పుడేస్తారని అడిగిందండి."

ఏఈ గారు పడున్న బండి లేపి నిలబెట్టేరు. బండెక్కి, కిక్కు కొట్టి, నోటి అలవాటు కొద్దీ అన్నారు:

"ఎస్టిమేటు పంపేం, పైనుంచి శాంక్షన్ రావాలని చెప్పు."