ముట్టని ఫీజు

రెండంతస్తులు ఎక్కి వచ్చేసరికి ఆ అమ్మాయికి ఊపిరి అందలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, సంచీలోంచి మందు గొట్టం తీసి రెండుసార్లు పీల్చాక గాని నోట మాట రాలేదు.

"ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఫీజు కట్టకపోతే యూనివర్సిటీలో నా సీటు పోతుందండీ. హాస్టల్ గది కూడా. కానీ మేం ఎప్పుడో కట్టేశాం!"

కుర్చీలో ఉన్నావిడ గోడ గడియారం వంక చూసింది. పన్నెండు కావస్తోంది.

"కూర్చోమ్మా. ఏడుపు తర్వాత. ముందు సంగతి చెప్పు."

ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్. ఊరంతా అత్తగారనే పిలుస్తారు. ఆవిడ ప్రశ్న వేసిందంటే కూరలో ఉప్పెందుకు తగ్గిందని కొత్తకోడల్ని నిలదీసినట్టే ఉంటుంది. పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్న సహాయకుడికి మాత్రం ఆవిడ నిజంగానే అత్తగారు. కూతుర్నిచ్చింది, ఉద్యోగమూ ఇచ్చింది. ఏడేళ్లయినా ఆవిడ బుర్ర ఎప్పుడు ఎటు తిరుగుతుందో అల్లుడికి అంతుపట్టలేదు. అందుకే ఆవిడంటే అంత గురి.

అమ్మాయి చెప్పింది. డిగ్రీ రెండో సంవత్సరం. నెల క్రితం యూనివర్సిటీ నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది. మొదటి పేజీలో చదువు ఫీజు, రెండో పేజీలో హాస్టల్ ఫీజు, ఏది ఏ ఖాతాలో వేయాలో వివరాలు. ఆ ఉత్తరం అన్నయ్యకిస్తే, ఒకే రోజు రెండూ పంపాడు. హాస్టల్ ఫీజు ముట్టింది. చదువు ఫీజు ముట్టలేదు. అసలు ఆ ఖాతా తమది కాదని నిన్న ఫీజుల ఆఫీసులో చెప్పారు.

"పోలీసుల దగ్గరికి వెళ్లలేదేం?"

అమ్మాయి తల దించుకుంది. "వెళ్తే ముందు అన్నయ్యనే పట్టుకుంటారండీ. వాడు పనిచేసేది ప్రింటింగ్ ప్రెస్‌లో. ఒకప్పుడు పేకాట ఆడేవాడు. మానేసి మూడేళ్లయింది. ఈ ఫీజు కోసం బండి కూడా అమ్మేశాడు. అయినా నాన్న, 'ఆ కాగితం వీడే అచ్చేసి డబ్బు నొక్కేశాడు, కుక్కతోక వంకర పోతుందా' అంటున్నారు. నిన్నటి నుంచి అన్నయ్య అన్నం ముట్టలేదు."

అత్తగారు ఉత్తరాన్ని వెలుతురుకెత్తి చూసింది. "రాసుకో అల్లుడూ. పిన్ను ఒకటే. రెండో పేజీకి కన్నాలు నాలుగు. మొదటి పేజీకి రెండే."

అల్లుడు తొంగి చూశాడు. మొదటి పేజీ కుడి అంచున వెంట్రుకంత నల్లగీత పైనుంచి కిందికి దిగింది. రెండో పేజీ శుభ్రంగా ఉంది. రెండింటి మీదా అమ్మాయి వివరాలున్నాయి. మొదటిదాంట్లో గది నంబరు ఇరవై ఏడు, రెండోదాంట్లో పద్నాలుగు.

"అచ్చుతప్పేమో అత్తయ్యా," అన్నాడు.

"తప్పు ఏ పేజీలో ఉందో చూద్దాం పద."

హాస్టల్లో వార్డెన్ ఎదురొచ్చి అమ్మాయి తల నిమిరింది. "బంగారం లాంటి పిల్లండీ. అన్న చేసిన పనికి చెల్లెలు బలైపోతోంది," అంటూ కళ్లొత్తుకుంది. గోడకి ఉత్తరాల గూళ్లు, గదికొకటి; వచ్చిన ఉత్తరాలు వాటిలో సర్దేది వార్డెనే. పైన, గేటు పదింటికి మూస్తామన్న నోటీసు. దాన్ని చదువుతుంటే దాని కుడి అంచున సన్నటి నల్లగీత అల్లుడి కంటపడింది. పాత ప్రింటరనుకున్నాడు. మరుక్షణం ఉలిక్కిపడి అత్తగారి వంక చూశాడు. ఆవిడ అప్పటికే పద్నాలుగో గదివైపు నడుస్తోంది.

ఆ గదిలో కాలికి కట్టుతో ఇంకో అమ్మాయి ఉంది.

"ఇది నీ గది కాదా?" అత్తగారు తమతో వచ్చిన అమ్మాయినడిగింది.

"రెండు నెలల క్రితం వరకూ నాదేనండీ. దీని కాలు విరిగింది, మెట్లెక్కలేదని మార్చుకున్నాం. ఇప్పుడు నేను మూడో అంతస్తులో, ఇరవై ఏడులో ఉంటున్నా. ఇంట్లో చెప్పలేదు. ఆయాసం ఉన్నదానివి మెట్లెక్కుతావా అని అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది."

మంచం మీది అమ్మాయి నవ్వింది. "కాలేజీలో చేరిన నెలకే కాలు విరగ్గొట్టుకున్నానండీ. దీని దయవల్లే చదువు సాగుతోంది."

"దీనికొచ్చిన ఫీజు ఉత్తరం నీ గూట్లో పడిందా?"

"లేదే. దానికి ఇరవై ఏడో గూట్లోనే దొరికిందంది."

బయటికొచ్చి అత్తగారు వార్డెన్ని చాలా తేలిగ్గా అడిగింది. "గదులు మారిన సంగతి ఆఫీసుకి రాసి పంపారా?"

"దానికి కాగితాలెందుకండీ? ఏడాది చివర చూద్దామన్నాను. మా ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలీదు."

"మంచిపని చేశారు. నాలుగున్నరకి ఫీజుల ఆఫీసుకి ఒకసారి రండి. మీ మాట సాయం కావాలి."

ఫీజుల గుమాస్తా కంప్యూటరు తిప్పి చూపించాడు. "మా లెక్కలో ఈ అమ్మాయిది పద్నాలుగో గది. ఉత్తరాల్లో అదే పడుతుంది." తర్వాత గొంతు తగ్గించాడు. "పోయినేడు కూడా ఇద్దరు ఇలాగే వచ్చారండీ. కట్టామని మొత్తుకున్నారు. ఎవరూ నమ్మలేదు. చదువు మానేసి వెళ్లిపోయారు."

"ఏ హాస్టల్?"

అతను వెతికి చూసి నోరు తెరిచాడు. ఇద్దరూ ఆ హాస్టల్ వాళ్లే.

నాలుగున్నరకి ఫీజుల అధికారి గదిలో కుర్చీలు చాల్లేదు. వార్డెన్, గుమాస్తా, అమ్మాయి, ఆమె తండ్రి. గోడ వార నిలబడ్డ అన్న కళ్లు గుంటలు పడి ఉన్నాయి. తండ్రి అతనికి వీపు తిప్పి కూర్చున్నాడు.

"ఐదు దాటితే కంప్యూటరే పేరు కొట్టేస్తుంది. నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు అధికారి.

"అయితే త్వరగా తేలుద్దాం," అంది అత్తగారు. "బాబూ, మీ చెల్లెలి గది నంబరెంత?"

అన్న బిత్తరపోయాడు. "పద్నాలుగు. కింది అంతస్తు."

"మీరు చెప్పండి పెద్దాయనా."

"పద్నాలుగే. ఇప్పుడదెందుకు?"

"ఎందుకంటే, దొంగ ఖాతా ఉన్న పేజీలో ఇరవై ఏడని ఉంది. మీవాడే అచ్చేసుంటే పద్నాలుగు వేసేవాడు. ఆఫీసు వేసినా పద్నాలుగే పడేది. అసలు ఉత్తరం పిన్ను ఊడదీసి, మొదటి పేజీ మార్చి, మళ్లీ పిన్ను కొట్టారు. అందుకే మిగిలిన పాత పేజీకి నాలుగు కన్నాలు, కొత్త పేజీకి రెండే. మార్చినవాళ్లకి ఆ పిల్ల నిజంగా ఎక్కడుంటోందో తెలుసు. తెలిసింది ముగ్గురికి. ఒకరు నష్టపోయిన పిల్ల. ఇంకొకరు కాలు విరిగిన పిల్ల. ఆమె చేరింది ఈ ఏడు, పోయినేడు మోసపోయిన ఇద్దరితో ఆమెకేం సంబంధం?"

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి.

వార్డెన్ నవ్వబోయింది. "చాలా బాగుందండీ! ఒక నంబరు పట్టుకుని నన్ను దొంగని చేస్తారా?"

"అల్లుడూ, ఆ నోటీసు."

హాస్టల్ నుంచి వచ్చేటప్పుడు గోడ మీంచి ఊడదీసి తెచ్చిన గేటు నోటీసుని అల్లుడు నోటుపుస్తకంలోంచి తీసి ఉత్తరం పక్కన పెట్టాడు. రెండింటి కుడి అంచునా అదే నల్లగీత.

"మీ హాస్టల్ ప్రింటరు సంతకమిది. పద్నాలుగని వచ్చిన ఉత్తరాన్ని ఇరవై ఏడో గూట్లో పెట్టింది ఎవరు? ఉత్తరాలు సర్దే చెయ్యి మీదే. ఇంకో సంగతి. రెండు ఫీజుల్లో ఒక్కటే ఎందుకు పోయింది? హాస్టల్ ఫీజు పోతే మొదట అడగాల్సింది మిమ్మల్నే కదా!"

వార్డెన్ రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. చివరికి, "ఆ ఖాతా మా తమ్ముడిది," అని మొహం కప్పుకుంది. "సగం ఖర్చయిపోయింది."

అమ్మాయి గడియారం చూసింది. ఐదుకి పది నిమిషాలు. "మరి నా సీటు?"

అధికారి నుదురు రుద్దుకున్నాడు. "డబ్బు మా ఖాతాలో పడలేదు కదమ్మా..."

"మీ పేరుతో ఉత్తరమిచ్చి తీసుకుంది మీ ఉద్యోగి," అంది అత్తగారు. "ఆవిడకి ముట్టిందంటే మీకు ముట్టినట్టే. ఆవిడ దగ్గర వసూలు చేసుకునే తంటా మీది. కాదంటారా? పోలీసుల ముందు కూడా అదే అనండి, వింటాను."

అధికారి గుమాస్తాకి తలూపాడు. కీబోర్డు టకటకలాడింది. రసీదు బయటికి వచ్చేసరికి నాలుగు యాభై ఆరు.

తండ్రి లేచి కొడుకు దగ్గరికి నడిచాడు. అతని చొక్కా కాలరు సర్దాడు. "పద, ముందు ఏమన్నా తిందువుగాని."

అన్న కదల్లేదు. చెల్లెలి వంక ఉరిమి చూస్తున్నాడు. "ఇరవై ఏడా? మూడో అంతస్తా? ఆయాసం పెట్టుకుని రోజూ ఆ మెట్లెక్కుతున్నావా?"

"అన్నయ్యా, అమ్మకి చెప్పకు."

"చెప్పకపోతే నేను మనిషినే కాదు!" అని కళ్లు తుడుచుకున్నాడు.

అల్లుడు నోటుపుస్తకం మూయబోయాడు.

"అప్పుడే మూయకు," అంది అత్తగారు. "పోయినేడు వెళ్లిపోయిన ఆ ఇద్దరు పిల్లల ఫోను నంబర్లు రాసుకో."