చల్లగది అడిగిన ప్రశ్న

మా ప్రయోగశాలలో చల్లగదితో కలిపి పదకొండు యంత్రాలున్నాయి, అన్నీ మనిషి లోపలికి వెళ్లగలిగినంతవి. వాటన్నిటి తలుపులూ వేసేది నేను రాసిన ఒకే మాడ్యూల్, అంటే చిన్న ప్రోగ్రామ్ ముక్క. ఒకసారి రాసి, ప్రతి యంత్రానికీ అదే తగిలించాం. తలుపు వేసేముందు అది తెర మీద ఒక ప్రశ్న అడిగేది: 'లోపల ఎవరైనా ఉన్నారా?' నలభై సెకన్లు ఆగేది. లోపలున్నవాళ్లు మీట నొక్కితే తలుపు పడేది కాదు.

ఆ నలభై సెకన్లు మా మేనేజరు కంట్లో నలుసు. చాటుగా ఆయన్ని తొందరబాబు అంటాం.

"ఖాళీ గదిని పలకరించడమేంటమ్మా, దండగ," అని ఆ ప్రశ్న తీయించేశాడు. తీసింది నేనే, నోరు మూసుకుని. ఒక్క దెబ్బకు పదకొండింట్లోనూ పోయింది. తొమ్మిదో రోజున, టెక్నీషియన్‌గా చేస్తున్న మా అక్క నమూనాలు సర్దడానికి చల్లగదిలోకి వెళ్లింది. అడక్కుండానే తలుపు పడిపోయింది. ప్రాణాలతో బయటికి రాలేదు. తలుపు లోపలివైపు ఆమె చేతి గాజుతో గీకిన గీతలు మిగిలాయి.

ఈ మధ్యాహ్నం తొందరబాబు కాగితం పట్టుకొచ్చాడు. మాడ్యూల్‌లో లోపం లేదట, టెక్నీషియన్ అజాగ్రత్తేనట. విచారణ కోసం యంత్రాలన్నిటికీ కరెంటు తీసేశారు. నా కంప్యూటరు ఒక్కటే పనిచేస్తోంది. ఎదురుగా చల్లగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల్నుంచి తడి ఇనుము వాసన.

"సంతకం పెట్టమ్మా," అన్నాడు గుసగుసగా. "పోయినావిడ మీద తోసేస్తే ఆవిడకిప్పుడు పోయేదేముంది?"

అరికాలి మంట నెత్తికెక్కింది.

"అది మా అక్క. మీరు తీయించిందేంటో కళ్లారా చూడండి," అని పాత మాడ్యూల్ తెరిచి, ఉత్తుత్తి యంత్రం మీద నడిపించాను. అసలు యంత్రం లేకుండా పరీక్షించుకోవడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ అది. ఏమడిగినా 'లేరు' అనే ఒక్క మాటే చెబుతుంది.

'లోపల ఎవరైనా ఉన్నారా?'

నలభై సెకన్లు గడిచాయి.

'ఉన్నాను.'

తొందరబాబు మొహం కందిపోయింది. "నాటకాలా? నువ్వే రాశావు!"

"నేను రాసినదాంట్లో... ఆ మాటే లేదు సార్."

"ఎవరున్నారో నేనే చూస్తా," అని కాగితం ఊపుకుంటూ చల్లగదిలోకి నడిచాడు.

నేనేమీ నొక్కలేదు. తెర మీద మళ్లీ ప్రశ్న వచ్చింది.

'లోపల ఎవరైనా ఉన్నారా?'

బయటికి రమ్మని అరవాలి. అరవలేదు. దాచడమెందుకు, కోపంతోనే. ముప్పై... ఇరవై... పది... అప్పుడు భయమేసింది. "సార్, వచ్చేయండి!"

'లేరు.'

కరెంటు లేని తలుపు ధడాలున పడింది.

లోపల్నుంచి ఒక్క చప్పుడూ లేదు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి తాళంచెవితో తెరిచేసరికి మూడు నిమిషాలు పట్టింది.

గదిలో ఎవరూ లేరు. నేల మీద కాగితం పడుంది. తలుపు లోపలివైపు, నా భుజమెత్తున అక్క గీసిన గీతలున్నాయి. వాటికి జానెడు పైన, పొద్దున లేని గీతలు... వందలకొద్దీ.

వేలు పెట్టి చూశాను. అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయి.